పదిహేడో ఎంట్రీలో ఒకటో పాయింటు

"ఇందుమూలముగా యావన్మంది బ్లాగు పాఠకులకూ తెలియజేయడమేమనగా, ఈ పోటీలో మనుషుల ముఖాలు చూడబడవు, వంట మాత్రమే చూడబడుతుంది. పక్షపాతమనే పదార్థం ఈ వంటింటి గడప ఎన్నడూ తొక్కలేదు, ఇకముందు తొక్కబోదు!"

ఇంతటి ప్రకటన ఇలోయిలో జిల్లా సాన్ టెల్మో ఊళ్ళో అంతకు ముందు ఒక్కసారే వెలువడింది. అది మేయరుగారు ఎన్నికల ముందు చేసింది. దాని సంగతి ఏమైందో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎత్తరు. కానీ ఈసారి ప్రకటన చేసింది మేయరు కాదు, మామ్ ఫెలి, అంటే ఫెలి మేడమ్. మామ్ ఫెలి అన్నదంటే జరిగి తీరుతుంది. కనీసం మూడు కాపీల్లో జరుగుతుంది.

ఫెలిసిటాస్ పల్మారెస్ ముప్పై ఒక్క ఏళ్ళు విద్యాశాఖలో పనిచేసి, స్కూళ్ళ సూపర్వైజరుగా రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉండగా ఆవిడ పంపిన సర్క్యులర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎక్కి చర్చి గంట కొట్టొచ్చని టీచర్లు చెప్పుకునేవారు. రిటైరయ్యాక సర్క్యులరు పంపడానికి ఎవరూ లేక చేతులు దురదపెట్టి, బ్లాగు మొదలుపెట్టింది. దాని పేరు 'ఫెలి వంటింటి కిటికీ.' బ్లాగులు రాజ్యమేలుతున్న రోజులవి. హాంకాంగ్‌లోనూ, కువైట్‌లోనూ, సింగపూర్‌లోనూ పరాయి ఇళ్ళలో వండి వడ్డించే ఇలోయిలో ఆడవాళ్ళు వేలమంది, తీరిక దొరికినప్పుడు ఆ కిటికీలోంచి తొంగిచూసి తమ ఊరి వాసన పీల్చుకునేవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది ఆ రాతలు చదివి కళ్ళు తుడుచుకున్నారో లెక్కలేదు.

ఇంత గొప్ప వంటల బ్లాగు నడిపే మామ్ ఫెలికి ఒక చిన్న లోపం ఉంది. ఆవిడకు వంట రాదు.

రాదంటే అంతంతమాత్రంగా వచ్చునని కాదు. ఒకసారి గుడ్డు ఉడకబెట్టబోతే గుడ్డూ దక్కలేదు, గిన్నే దక్కలేదు. ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్నది బెనింగ్. ఆమె అసలు పేరు బియెన్వెనీడా తుపాస్. ఆ పేరు ఓటరు కార్డు మీద తప్ప ఎక్కడా వాడలేదు. బెనింగ్ వండుతుంటే మామ్ ఫెలి గుమ్మంలో కుర్చీ వేసుకుని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రపు వెలుగు గురించీ, వాళ్ళమ్మ చేతి గాజుల గురించీ రాసుకునేది. కూర దించే వేళకి ఇస్త్రీ చేసిన ఏప్రాను తగిలించుకుని ఫోటోకి నిలబడేది. ఫోటోలో గరిటె పట్టుకున్న చెయ్యి మామ్ ఫెలిది. గరిటె కింద ఉన్నదంతా బెనింగ్‌ది.

అందుకని బెనింగ్‌ని ఆవిడ చిన్నచూపు చూసిందనుకుంటే పొరపాటు. "బెనింగ్ మా పనిమనిషి కాదండీ, మా ఇంట్లో మనిషి," అని వచ్చిన ప్రతివాళ్ళతో అనేది. బ్లాగు పైన పెట్టడానికి కుటుంబం ఫోటో తీయించుకున్నప్పుడు భర్త రోహెలియో, కూతురు, అల్లుడు, ఆఖరికి కుక్కపిల్ల కూడా అందులో ఉన్నారు. బెనింగ్ కూడా ఉన్నట్టే. కెమెరా బటను నొక్కింది ఆమే కదా!

ఇక పోటీ. సాన్ టెల్మోలో మే నెల తిరనాళ్ళకి ఏటా వంటల పోటీ ఉంటుంది. నడిపేది మేయరు భార్య పసిటా. గెలిచేది పసిటా చెల్లెలు లెటిసియా. ఇది ఎంత నిలకడగా జరుగుతుందంటే, కిందటేడు లెటిసియా జ్వరమొచ్చి పోటీకి రాకపోయినా గెలిచింది. ఈ అన్యాయం చూసి మామ్ ఫెలి రక్తం ఉడికింది. పైగా ఇలోయిలో నగరం నుంచి ఒక పబ్లిషరమ్మ ఉత్తరం రాసింది. 'ఫెలి వంటలు' పుస్తకంగా వేస్తామనీ, బ్లాగులో పోటీ పెట్టి గెలిచిన వంటని, వండినవాళ్ళ పేరుతో సహా మొదటి పేజీలో అచ్చేస్తామనీ, తిరనాళ్ళ రోజు స్వయంగా భోజనానికి వస్తామనీ అందులో ఉంది. పుస్తకం అట్ట మీద తన పేరు! మామ్ ఫెలి ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది.

వంట ఏదన్న ప్రశ్నే లేదు. కందులు, పంది మాంసం, పనసకాయ. ఆ వైపు దాన్ని కాద్యోస్-బాబోయ్-లాంగ్కా అంటారు. బాబోయ్ అని మనం పామును చూసి అరుస్తాం, అక్కడివాళ్ళు పందిని చూసి లొట్టలేస్తారు. బాత్వాన్ కాయ పులుపుతో ఆ కూర సరిగ్గా కుదిరితే మాటలుండవు. గురువారం గురువారం మామ్ ఫెలి ఇంట్లో అది కుదిరేది. ఫాదర్ అన్సెల్మో గురువారపు ప్రార్థన పదినిమిషాల్లో ముగించేవాడు.

ఇంటర్నెట్ షాపు నడిపే జునెల్‌ని ఆవిడ పోటీకి కార్యదర్శిగా వేసింది. నలభై ఏళ్ళవాడు, ఒకప్పుడు ఆవిడ చేత గోడకుర్చీ వేయించుకున్నవాడు. బహుమతికి రెండు మంటల గ్యాసు పొయ్యి అని నిర్ణయించి, ఇద్దరూ కూర్చుని పదమూడు నియమాలు రాశారు. ఏడో నియమం దగ్గర బండి ఆగింది.

"రాయి జునెల్. నిర్వాహకురాలి రక్తసంబంధీకులు, వియ్యాలవారు, జ్ఞానస్నానం వరసవాళ్ళు ఎవరూ పాల్గొనరాదు."

"మామ్, ఊళ్ళో మీరు జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడ్డ పిల్లలు నలభై ముగ్గురు," అన్నాడు జునెల్ బుర్ర గోక్కుంటూ. "అందులో మావాడొకడు. వాళ్ళ తల్లులంతా మీకు వరసే. వాళ్ళ అప్పచెల్లెళ్ళూ వరసే. ఇలా తీసేసుకుంటూ పోతే ఊళ్ళో అర్హులు ఒక్కరే మిగిలారు."

"ఎవరు?"

"బ్యాంకు మేనేజరు. ఫిబ్రవరిలో బదిలీ అయి వచ్చాడు."

"వంట వచ్చా?"

"నూడుల్స్ పొట్లం చింపడం వచ్చు మామ్."

"అయితే జడ్జీగా వెయ్యి," అంది మామ్ ఫెలి. ఏడో నియమాన్ని సవరించారు. నిర్వాహకురాలితో ఒకే ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యులు మాత్రమే అనర్హులు. మిగిలిన ఇద్దరు జడ్జీలుగా ఫాదర్ అన్సెల్మోనీ, పసిటానీ వేశారు. పసిటాని వెయ్యకపోతే తిరనాళ్ళకి ఊరి నడిమి ప్లాజాలో కరెంటు ఉండదు.

నియమాలు బ్లాగులో పెట్టిన రెండో రోజు, పేరు చెప్పని పాఠకురాలొకరు కింద ప్రశ్న రాసింది. "మామ్, పోటీ పెట్టినవాళ్ళ ఇంట్లో పనిచేసే మనిషి కుటుంబం కిందికి వస్తుందా, రాదా?"

మామ్ ఫెలికి హాంకాంగ్ పాఠకులు కళ్ళముందు మెదిలారు. వేళ్ళు విరుచుకుని మొదలుపెట్టింది. "ఎంతమాట! ఇంట్లో పనిచేసే స్త్రీ ఉద్యోగిని. ఆమెను కుటుంబ సభ్యురాలు అనడం తియ్యని మాటలతో ఆమె చెమటను దోచుకోవడమే..."

ఆ సమయానికి బెనింగ్ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "మామ్, ఈ ఆదివారం మా చెల్లెలింటికి వెళ్ళిరానా?"

"ఇంట్లో మనిషివి, నీకు సెలవేమిటే?" అంది మామ్ ఫెలి టైపు చెయ్యడం ఆపకుండానే. "...అందుచేత ఆమె తలెత్తుకుని ఈ పోటీలో పాల్గొనవచ్చు!"

ఆ జవాబుకు మూడువందల పన్నెండు చప్పట్ల కామెంట్లు వచ్చాయి. కువైట్ నుంచి ఒకామె దాన్ని ప్రింటు తీసి వంటింటి గోడకి అంటించుకున్నానని రాసింది. మామ్ ఫెలి మురిసిపోయింది. ప్రింటు తీసిన కాగితం ఎప్పుడైనా అక్కరకొస్తుందని అప్పటికి ఆవిడకు తోచలేదు.

పోటీ బ్రహ్మాండంగా సాగింది. వంట విధానాన్ని వరుసగా పాయింట్లు వేసి రాయాలి. జునెల్ పేర్లు తీసేసి, నంబర్లు వేసి బ్లాగులో పెడతాడు. సగం మార్కులు పాఠకుల ఓట్లకి, సగం జడ్జీల నాలుకలకి. అసలు పేర్లు జునెల్ దగ్గర సీలు వేసిన కవరులో ఉంటాయి. మామ్ ఫెలి ఫలితాలు తేలేదాకా ఒక్క ఎంట్రీ కూడా చదవనని నాలుగో నియమంలోనే ప్రతిజ్ఞ చేసింది, నిలబెట్టుకుంది కూడా. జునెల్ ఓట్ల సంఖ్యా, కామెంట్లూ మాత్రం కాగితం మీద అచ్చువేసి తెచ్చిచ్చేవాడు. తొమ్మిదో నియమం ప్రకారం వీధి గుమ్మంలో కానుకలు స్వీకరించబడవు. కాబట్టి వరసవాళ్ళంతా మామిడిపళ్ళూ, ఎండు చేపలూ పెరటి గుమ్మంలోంచి తెచ్చిచ్చారు.

అరవై ఒక్క ఎంట్రీలు వచ్చాయి. మొదటి వారం లెటిసియా ఎంట్రీదే పైచెయ్యి. అది లెటిసియాదని ఎవరికీ తెలియకూడదు గానీ, అందులో పదో పాయింటు 'మా బావగారు మేయరుగారికి వడ్డించాలి' అని ఉందట, దాంతో కొందరికి అనుమానం వచ్చింది. రెండో వారంలో పదిహేడో నంబరు లేచింది. లేవడమంటే మామూలుగా కాదు.

"ఇదేమిటి జునెల్, హాంకాంగ్ నుంచి ఒక్కరోజే నాలుగువందల ఓట్లా?"

"అవును మామ్. కామెంట్లు చూడండి."

మామ్ ఫెలి కళ్ళజోడు సర్దుకుని చదివింది. 'ఒకటో పాయింటుకే నా ఓటు!' 'ఒకటో పాయింటు చదివి పడీ పడీ నవ్వాను, మా సేఠాణి వచ్చి ఏమైందని అడిగింది.' 'ఇది రాసిన అక్క ఎవరో గానీ, ఆ చేతికి దండం. ఒకటో పాయింటు పాటించనిదే ఏ కూరా కుదరదు!' పేజీల కొద్దీ ఇదే పాట.

"ఏముంది ఆ ఒకటో పాయింటులో?"

జునెల్ చూపు ఇంటికప్పు వైపు తిప్పాడు. "నాలుగో నియమం మామ్. మీరు చదవకూడదు."

"అవును సుమా," అంది మామ్ ఫెలి. తన నియమాన్ని తనకే గుర్తుచేసిన కార్యదర్శి దొరికినందుకు గర్వపడింది.

తిరనాళ్ళకి ముందురోజు పొద్దున చర్చి హాల్లో రుచి చూడ్డం. అరవై ఒక్క గిన్నెలు, అరవై ఒక్క నంబర్లు. బ్యాంకు మేనేజరు ఆరో గిన్నె దగ్గరే బెల్టు వదులు చేసుకున్నాడు. పదిహేడో గిన్నె మూత తీయగానే ఫాదర్ అన్సెల్మో ముక్కుపుటాలు అదిరాయి. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, మామ్ ఫెలి వైపు చూసి కొంటెగా కన్ను గీటాడు.

పసిటా కూడా తిని, దగ్గరకొచ్చి మోచేత్తో పొడిచింది. "ఎంత గడుసుదానివి మారే! నీ పోటీలో నువ్వే దొంగచాటుగా దిగావా? నాకు తెలియదనుకున్నావా నీ చేతి రుచి!" మారే అంటే బిడ్డల జ్ఞానస్నానం కలిపిన వరస, అక్కడ అది తోబుట్టువు కన్నా దగ్గర. అవసరం ఉన్నన్నాళ్ళు.

బ్యాంకు మేనేజరు ఫాదర్ చెవి దగ్గర గొణిగాడు. "మామ్‌గారిది ఏ నంబరండీ?" ఫాదర్ వేళ్ళతో ఒకటీ, ఏడూ చూపించాడు. ముగ్గురు జడ్జీలూ, వేరు వేరు కాగితాల మీద, ఒకరిది ఒకరు చూసుకోకుండా, పూర్తి నిష్పక్షపాతంగా, పదికి పది వేశారు!

మామ్ ఫెలి నవ్వుతూ నిలబడింది. ఆవిడా ఒక చెంచా తింది. మాంసాన్ని ముందు బొగ్గుల మీద కాల్చి తర్వాత కూరలో వేసే పద్ధతి. కందులు ఉడికిన నల్లటి నీళ్ళు పారబోయకుండా అందులోనే దింపిన పనసకాయ. ప్రతి గురువారం ఆవిడ తినే కూర. ఆవిడ పేరుతో నలభై దేశాలు చదివే కూర. తేలు కుట్టిన దొంగలా చెంచా కింద పెట్టేసింది.

జునెల్ కవరు చించాడు. "పదిహేడో నంబరు. పాఠకుల ఓట్లలో మొదటి స్థానం, జడ్జీల మార్కుల్లో మొదటి స్థానం. విజేత, బియెన్వెనీడా తుపాస్!"

"ఎవరామె?" అన్నాడు ఫాదర్.

"బెనింగ్, ఫాదర్. గురువారాలు మీకు వడ్డించే బెనింగ్."

ముందుగా తేరుకున్నది పసిటా. "ముందే చెప్పొద్దూ! తెలిసుంటే ఆరు వేసేదాన్ని."

"నాకూ ఉప్పు ఒక రవ్వ ఎక్కువైనట్టే అనిపించింది సుమా," అన్నాడు ఫాదర్.

బ్యాంకు మేనేజరు ఇంకో చెంచా తిని చూశాడు. "అవునండీ, రుచి మారింది," అన్నాడు.

మామ్ ఫెలి ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. పుస్తకంలో మొదటి పేజీ. మొదటి పేజీలో ఆవిడ పేరుమోసిన కూర. దాని కింద బెనింగ్ పేరు. ఆపైన చదివినవాళ్ళకి రెండూ రెండూ కలపడం రాదా! మిగిలిన నూటముప్పై వంటలు ఎవరివని అడగరా!

వంటింట్లో బెనింగ్ చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తోంది. మర్నాడు తిరనాళ్ళు. ఆ రోజు సాన్ టెల్మోలో ఏ ఇంటి తలుపూ వెయ్యరు, ఎవరైనా ఏ ఇంట్లోకైనా వచ్చి తినొచ్చు. మామ్ ఫెలి ఇంటికి తక్కువలో తక్కువ రెండువందలమంది వస్తారు.

"ఏమే, నువ్వు పోటీకి పంపావా?"

"పంపాను మామ్."

"నాతో ఒక్క ముక్క చెప్పకుండానా?"

"అడిగాను కదా మామ్. బ్లాగులో. పేరు పెట్టలేదంతే. మీరు ఎంత బాగా జవాబిచ్చారు! తలెత్తుకుని పాల్గొనవచ్చన్నారు." బెనింగ్ జిగురు తుడుచుకుంది. "ఉప్పు కొనడానికి వెళ్ళినప్పుడల్లా జునెల్ షాపులో కాస్త కాస్త టైపు చేశాను. నాలుగు వారాలు పట్టింది. ఆ నాలుగు వారాలూ ఇంట్లో ఉప్పు ఎందుకింత ఉందని అయ్యగారు అడిగారు కూడాను."

"నీకు ఈ బహుమతి ఎందుకే?"

"రెండు మంటల గ్యాసు పొయ్యి కదా మామ్. రేవు దగ్గర చిన్న పూటకూళ్ళ బడ్డీ పెట్టుకుందామని. ఇంకోటి..." బెనింగ్ కొంచెం ఆగింది. "నా పేరు అచ్చులో ఎలా ఉంటుందో చూద్దామని."

మామ్ ఫెలి మనసు ఒక్క క్షణం కరిగింది. నిజంగానే కరిగింది, అబద్ధమాడకూడదు. కానీ దిండు కింద ఉత్తరం గుర్తొచ్చి మళ్ళీ గట్టిపడింది. ముప్పై ఒక్క ఏళ్ళ విద్యాశాఖ ఊరికే పోదు. ఏడో నియమం కళ్ళముందు తళుక్కుమంది.

"బెనింగ్! నువ్వు పనిమనిషివా చెప్పు? ఎప్పుడైనా అలా చూశానా? నువ్వు మా కుటుంబంలో మనిషివి. ఒకే ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యులు పోటీకి అనర్హులు. నియమం ముందు నా సొంత మనుషులైనా ఒకటే."

బెనింగ్ కత్తి పక్కన పెట్టింది.

"నిజంగా కుటుంబమేనా మామ్?"

"బాలయేసు సాంతో నిన్యో సాక్షిగా!"

"రేపు అందరి ముందూ అంటారా?"

"మైకులో అంటానే!"

"అయితే సరే మామ్," అంది బెనింగ్. "నాకింకేం వద్దు."

ఇంత సులువుగా తెములుతుందని మామ్ ఫెలి అనుకోలేదు. అడక్కుండానే దారి ఇచ్చిన మనిషిని చూసి జాలిపడింది. పాతబట్టల్లోంచి మంచి గౌను ఒకటి తీసి ఇచ్చింది. "రేపు ముందు వరుసలో కూర్చోవే, కుటుంబంతో."

తిరనాళ్ళ పొద్దున బయల్దేరేటప్పుడు ఆవిడ వంటింటి వైపు ఒక కేక వేసింది. "అంతా సిద్ధమేనా?"

"అన్నీ కోసి, కడిగి, వరుసగా పెట్టాను మామ్." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ప్లాజాలో పెద్ద బ్యానరు కట్టారు. 'వంటల పోటీ విజేతకు అభినందనలు' అని చిన్న అక్షరాలు, వాటి పక్కన నిలువెత్తు మేయరుగారి ముఖం. ఎవరు గెలిచినా పనికొస్తుందని ఎప్పుడూ అదే బ్యానరు వాడతారు. మామ్ ఫెలి మైకు అందుకుంది. ఓట్ల సంగతి చెప్పింది, జడ్జీల నిష్పక్షపాతం చెప్పింది, పదిహేడో నంబరు వంట రాసింది ఎవరో చెప్పింది.

"పనిచేసే స్త్రీ పాల్గొనవచ్చని నేనే రాశాను. ఆ మాటకి కట్టుబడి ఉన్నాను. కానీ ప్రజలారా, బెనింగ్ పనిమనిషి కాదు! ఇరవై రెండేళ్ళుగా ఆమె మా కుటుంబ సభ్యురాలు. ఏడో నియమం ప్రకారం, నా గుండె రాయి చేసుకుని, నా సొంత ఇంటి మనిషిని నేనే అనర్హురాలిగా ప్రకటిస్తున్నాను!"

ఆహా! ప్లాజా లేచి నిలబడింది. ఫాదర్ అన్సెల్మో అబ్రహాము తన బిడ్డను బలివ్వడానికి తీసుకెళ్ళిన ఘట్టం గుర్తుచేసుకుని కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంత న్యాయమైన పోటీ ఈ జిల్లాలోనే జరగలేదన్నారు. పబ్లిషరమ్మ నోటుబుక్కులో ఏదో రాసుకుంది. బహుమతి రెండో స్థానానికి పోయింది, అంటే లెటిసియాకి. ముందు వరుసలో బెనింగ్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

పదకొండున్నరకి జనమంతా మామ్ ఫెలి ఇంటికి కదిలారు. గుమ్మంలో బెనింగ్ నిలబడి ఉంది. మంచి గౌను, చెవులకి కమ్మలు. "రండి ఫాదర్, రండి పసిటా అక్కా, లోపలికి దయచెయ్యండి," అని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అందరూ కూర్చున్నాక తనూ వెళ్ళి సోఫాలో, మేయరు భార్య పక్కన, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

పక్క ఊరి నుంచి కాల్చిన పంది వచ్చి బల్లమీద ఉంది. అది మొదటి పావుగంటకే ఎముకలైంది. "కూర ఏదీ?" అన్నారు జనం. "కూర రానీ!"

మామ్ ఫెలి వంటింట్లోకి తొంగిచూసింది. కోసిన పనసముక్కలు. కడిగిన మాంసం. నానిన కందులు. అన్నీ వరుసగా, పచ్చిగా. పొయ్యి చల్లగా ఉంది.

ఆవిడ సోఫా దగ్గరకి పరుగున వచ్చి వంగి, పళ్ళ బిగువున అంది. "బెనింగ్! వంటేదే?"

"ఏమో మామ్. తిరనాళ్ళ రోజు మన కుటుంబంలో వంట ఎవరు చేస్తారు?" బెనింగ్ అమాయకంగా అడిగింది. "మీరెప్పుడూ చెయ్యరు, అయ్యగారూ చెయ్యరు. మన కుటుంబం వాళ్ళం వచ్చినవాళ్ళని పలకరిస్తాం కదా!"

"మీరు ఎవరండీ?" అంది పబ్లిషరమ్మ ముందుకు వంగి.

"కుటుంబ సభ్యురాలినండీ. ఇందాక మైకులో విన్నారుగా."

"భలే," అంది పబ్లిషరమ్మ కెమెరా తీస్తూ. "అయితే మామ్ ఫెలీ, మీరు వండుతుంటే ఫోటోలు తీసుకుంటాను. పుస్తకంలో అదే అసలు ఆకర్షణ!"

కుడితిలో పడ్డ ఎలుకకైనా గోడ ఎక్కడుందో తెలుస్తుంది. మామ్ ఫెలికి ఆ వంటింట్లో ఉప్పు ఎక్కడుందో తెలియదు. ఇస్త్రీ ఏప్రాను కట్టుకుంది. వెనకాల పబ్లిషరమ్మ, ఆవిడ వెనకాల ఫాదర్, ఆయన వెనకాల ఊరు. భర్త రోహెలియో ఏదో సాయం చేద్దామని లాప్‌టాప్ తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. "నీ బ్లాగులో ఉంటుంది కదా ఫెలీ, చూసి చేసెయ్," అన్నాడు.

ఆవిడ తన కూర ఉన్న పేజీ తెరిచింది. 'జలసంధి మీద పొద్దు వాలుతుండగా మా అమ్మ గాజుల చప్పుడు...' కిందికి జరిపింది. ఇంకా గాజులే. ఇంకా కిందికి జరిపింది. ఆఖరి వాక్యం ఇలా ఉంది: 'తర్వాత మామూలుగా వండుకోవాలి.'

చేసేది లేక పదిహేడో నంబరు ఎంట్రీ తెరిచింది. పోటీ అయిపోయింది కాబట్టి నాలుగో నియమం ఇక వర్తించదు. పొందికగా, పాయింట్లు పాయింట్లుగా, ఎంత ఉప్పో ఎంత నీళ్ళో అన్నీ ఉన్నాయి. హమ్మయ్య అనుకుంది. ఫోటో సరిగ్గా పడాలని పబ్లిషరమ్మ ఆవిడ భుజం మీదుగా వంగి, అందరికీ వినబడేలా పైకి చదివింది.

"ఒకటి. ముందుగా మామ్‌ని వంటింట్లోంచి బయటికి పంపాలి."

మొదట నవ్వింది రోహెలియో. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా నవ్వడం ఎవరూ వినలేదు. ఆపైన ఇల్లంతా గొల్లుమంది.

పదమూడు నియమాలు రాసి నాలుగోది తప్ప ఒక్కటీ పాటించని మామ్ ఫెలి, ఆ ఒకటో పాయింటుని మాత్రం అక్షరాలా పాటించింది. ఏప్రాను విప్పి బయటికి వచ్చింది. సోఫా ముందు నిలబడింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఇప్పుడేం చెయ్యమంటావే?"

"నన్ను కుటుంబంలోంచి తీసెయ్యండి మామ్," అంది బెనింగ్. గొంతు మెల్లగానే ఉంది గానీ వణకలేదు. "కుటుంబంలో ఇరవై రెండేళ్ళున్నాను, చాలు. మైకు ఇంకా ప్లాజాలోనే ఉంది. నేను పనిమనిషినని చెప్పండి, గెలిచానని చెప్పండి. ఆ రెండు మంటల పొయ్యి ఇటు పంపించండి. దాని మీదే వండుతాను. ఆదివారం మా చెల్లెలింటికి వెళ్తాను."

మామ్ ఫెలి జునెల్ వైపు చూసింది. జునెల్ అప్పటికే, కువైట్ ఆమె గోడకి అంటించుకున్న ఆ బ్లాగు జవాబు ప్రింటు కాపీ ఒకటి జేబులోంచి తీస్తున్నాడు. "వద్దులే," అంది ఆవిడ. చెప్పులు వేసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ప్లాజా వైపు నడిచింది.

పన్నెండుంబావుకి మైకు గరగరలాడింది. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, శ్రీమతి బియెన్వెనీడా తుపాస్ మా కుటుంబ సభ్యురాలు కాదు, ఎన్నడూ కాదు...' ఆ మాట ఊరంతా వినబడింది. సోఫాలో కూర్చున్న బెనింగ్ తన పూర్తి పేరు మైకులో విని, ఎవరో పిలిచినట్టు లేచి నిలబడింది. కళ్ళు చెమర్చాయి. లెటిసియా మూతి ముడుచుకుంటూ పొయ్యిని ట్రైసికిల్ ఆటో మీద పంపించింది. పబ్లిషరమ్మ నోటుబుక్కులో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసుకుంది. పక్కన కూర్చున్న ఫాదర్‌ని, ఆ పేరులో అక్షరాలు ఎలా రాయాలో అడిగింది. ఆయనకు తెలియదు.

బెనింగ్ గౌను మార్చుకుని, కొత్త పొయ్యి వెలిగించింది. మూడున్నరకి గానీ కూర దిగలేదు. ఒక్కరూ ఇంటికి పోలేదు. ఉప్పు సరిగ్గా సరిపోయిందని ఫాదర్ అన్సెల్మో మూడుసార్లు వడ్డించుకుని మరీ చెప్పాడు.

కూర ఉడుకుతుండగా, ఆ వాసనకి ప్రాణం ఆగక, మామ్ ఫెలి అలవాటుగా నోటుబుక్కు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చోబోయింది.

బెనింగ్ వెనక్కి తిరగలేదు. గరిటె తిప్పుతూనే అంది.

"ఒకటో పాయింటు, మామ్."